బర్క్ లెక్కించిన చెరువులు



1785వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన లండను నగరమందలి కామన్స్ సభలో ఎడ్మండ్ బర్క్ అను సభ్యుడు లేచి, తానేనాడును కంట చూడని యొక దేశపు చెరువులను గూర్చి ప్రసంగించెను. ఆ దేశము ఆర్కాటు నవాబు మహమ్మదాలీ ఏలుబడిలోని కర్ణాటకము. నేటి కర్ణాటక రాష్ట్రము గాదు, చెన్నపట్టణమునకు నలుదెసల వ్యాపించి మన నెల్లూరు సీమను సైతము తనలో నిముడ్చుకొన్న నాటి కర్ణాటకము. చెన్నపట్టణపు జాగీరు పటము నొకదానిని ముందుంచుకొని, అందు గుర్తింపబడిన చెరువులను శ్రమపడి లెక్కించి, రెండు మూడెకరముల కుంట మొదలుకొని అయిదు మైళ్ల చుట్టుకొలత గల తటాకము వరకు అవి పదునొకండు వందలకు మించి యున్నవని అతడు సభకు విన్నవించెను. దొరవారిసత్రములో దక్షిణమునకు పోవు రైలెక్కినవారు సూళ్లూరుపేటయు తడయు దాటిన కొంతసేపటికే ఆ పటములోనికి ప్రవేశింతురు.

అమెరికా దేశపు సంప్రదాయవాదులను గూర్చి మాటలాడవలసిన నేను చెరువులతో ప్రారంభించుట కొందరికి వింతగా తోచవచ్చును. రిపబ్లికన్ పక్షమనియు, కన్సర్వేటివులనియు మన పత్రికలలో నిత్యము వినబడుచుండు ఆ వర్గమువారు తమ భావవంశమునకు మూలపురుషుడెవ్వడని యడిగినచో, తడుముకొనక చెప్పు పేరు ఈ బర్క్ మహాశయునిదే. తరములనుండి వచ్చిన వ్యవస్థలను ఒక్కనాటి యావేశమున కూలద్రోయరాదనియు, సమాజమనునది నేడు బ్రతికియున్నవారి సొత్తు మాత్రమే కాదనియు, గతించినవారికిని పుట్టబోవువారికిని అందు పాలు గలదనియు అతడు 1790లో ఫ్రెంచి విప్లవమును నిరసించుచు వ్రాసిన గ్రంథము వారికి ప్రమాణము. అయితే ఆ భావము విప్లవభీతితో నొక్కనాడు పుట్టినది గాదు. అయిదేండ్లకు పూర్వమే ఆర్కాటు నవాబు అప్పుల విషయమై చేసిన ప్రసంగములో అది సంపూర్ణముగా రూపుగట్టి యున్నది. రూపుగట్టినది మన చెరువు కట్టలను ఆలంబనముగా గొనియే. ఈ సంగతిని అమెరికనులు అంతగా చెప్పుకొనరు, మనమసలే చెప్పుకొనము.

ఆ యప్పుల కథ క్లుప్తముగా ఇది. ఈస్టిండియా కుంపిణీ కొలువులో నుండి చెన్నపట్టణమున జీతములు తీసికొనుచుండిన దొరలే నవాబుగారికి అధిక వడ్డీలకు సొంత అప్పులిచ్చి, వానికి పూచీగా జిల్లాల శిస్తులను వ్రాయించుకొనిరి. వారిలో అగ్రగణ్యుడు పాల్ బెన్‌ఫీల్డు. ఈ ఋణదాతల కడ్డు తగిలిన గవర్నరు పిగట్ ప్రభువును 1776లో ఆయన కౌన్సిలువారే బంధించిరి. మరుసటి యేడు ఆయన నిర్బంధములోనే మరణించెను. శిస్తు రైతునుండి రావలెను. రైతునకది చెరువునుండి రావలెను. 1780లో హైదరాలీ దండయాత్ర ఈ సీమను బూడిద చేసిన పిమ్మట, ఉన్న రాబడిని చెరువుల మరమ్మతునకు వినియోగింపక, ఎవరిచ్చిరో ఎంతయిచ్చిరో నిర్ణయము కాని అప్పులకు విచారణయే లేక చెల్లించుటకు ఇంగ్లండు ప్రధాని పిట్ మంత్రివర్గము సమ్మతించెను. బర్క్ ఆగ్రహమునకు కారణమిది. ఆ కట్టలను పోయించిన పూర్వరాజులు తమ యేలుబడి కాలమునకు మాత్రమే మేలొనరించి తృప్తి చెందక, ముందు పుట్టబోవు ప్రజలను గూడ తమ సంతానముగా నెంచి వారికి ఆస్తి వ్రాసియిచ్చిన తండ్రులని అతడు కొనియాడెను. ఆ యప్పుల విషయమై అతడు బలపరచిన తీర్మానమును సభ త్రోసిపుచ్చెను. అప్పులు చెల్లుచు వచ్చెను. 1801లో కర్ణాటకమంతయు కుంపిణీ వశమైన పిమ్మట తక్కిన అప్పుల పత్రములను పరీక్షింప నియోగింపబడినవారు వానిలో అత్యధిక భాగమును చెల్లనివని కొట్టివైచిరి. లంచపు లెక్క తేలుటకు మన దేశమున ఎంతకాలము పట్టునో, ఆ విషయమున నాటికిని నేటికిని పెద్ద భేదము కానరాదు.

మా ప్రాంతపు చెరువునొకదానిని ఇచ్చట చూపవలసియున్నది. దొరవారిసత్రము మండలములోని నేలపట్టు చెరువు పక్షులవలన దేశప్రసిద్ధి చెందినది. 1976లో దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. ఈశాన్య ఋతుపవనముల వానలకు చెరువు నిండగనే గూడబాతులు వచ్చి, నీటి నడుమ నిలిచి పెరిగిన చెట్ల కొమ్మలపై గూళ్లు పేర్చుకొని, పిల్లలను చేసి, ఎండలు ముదురుసరికి తరలిపోవును. వాని రెట్టతో కొమ్మలన్నియు సున్నము పూసినట్లు తెల్లబడును. ఆ రెట్ట కలిసిన నీరు తూముగుండ దిగువ పొలములకు పారినచో పైరు బలిసి పండునని ఇచ్చటి రైతుల యనుభవము. పక్షులు రాని యేడు వాన కరవని పెద్దలందురు. అందుచేత, అటవీశాఖ బోర్డు నాటక పూర్వమే, ఏ చట్టమును చదువని పల్లెవారు ఆ గూళ్ల జోలికి ఎవ్వరిని పోనీయక కాపాడుచు వచ్చిరి. కట్ట మీద నిలిచి చూచినచో ఒక వైపు పక్షుల కోలాహలము, మఱియొక వైపు తూము ముంగిట కాలువలో మోకాలి లోతు దిగి పూడిక తీయు మనిషి. కలుజు వద్ద నీరు పొర్లునపుడు రాత్రియంతయు కాపలా యుండు వంతు ఎవరిది, కట్టకు గండి పడిన నాడు గంపయు పారయు తీసికొని ముందుగా పోవలసిన ఇండ్లేవి యను నిర్ణయములు ఒకనాడు ప్రతి యూరను ఉండెడివి. కుడిమరామత్తు అని దానికి పేరు. చెరువు త్రవ్వించినవారికి దశబంధమను పేర ఈనాము భూములిచ్చుట యింకొక యేర్పాటు. కుంపిణీ ప్రభుత్వము ఈ యేర్పాటుల వేళ్లను మొదట తెగగొట్టి, తరువాత కట్టలు తెగుచున్నవని కలవరపడి, 1858లో నిర్బంధ శ్రమచట్టమును తెచ్చి పల్లెవారిని పట్టి పనిచేయింపజూచెను. మర్యాదగా నడచినది ఆజ్ఞగా నడువలేదు. 1997లో మన రాష్ట్రము నీటి వినియోగదారుల సంఘములను శాసించినది. అవి కొన్నియెడల నడచినవి, కొన్నియెడల కంట్రాక్టరు జేబులోనికి నడచినవి.

ఇక అమెరికాకు పోవుదము. బర్క్ గతించిన నూటయేబదియేండ్ల పిదప, మిచిగన్ రాష్ట్రములోని రస్సెల్ కిర్క్ అను యువ పండితుడు 1953లో సంప్రదాయ భావచరిత్రను బృహద్గ్రంథముగా వ్రాసి, దానిని బర్క్‌తోనే ఆరంభించెను. అంతకు పూర్వము అమెరికాలో సంప్రదాయవాదమను తత్త్వము లేనేలేదని విద్వాంసులనుచుండిరి. కిర్క్ మహాశయుడు విశ్వవిద్యాలయపు కొలువు విడిచి, మెకోస్టా యను కుగ్రామములో ముత్తాత కట్టించిన యింట నివసించి, గ్రంథములు వ్రాసికొనుచు, చెట్లు నాటుచు కాలము గడపెను. మోటారు కారును పల్లెలను కూలద్రోయు విప్లవకారి యని తెగడెను. ఇట్టివాడు మన మధ్య పుట్టియుండినచో చెరువు కట్ట మీది తాటిచెట్లకు కాపరియై యుండెడివాడని నాకు తోచును. అతని నైజమందు చాదస్తమును కలదు. కాని తాను చెప్పినట్లు బ్రతికినవాడు.

అయితే అమెరికా సంప్రదాయవాదులలో కిర్క్ పలుకు అల్పసంఖ్యాకుల పలుకే. 1955లో విలియం బక్లీ స్థాపించిన నేషనల్ రివ్యూ పత్రిక చుట్టు చేరినవారిలో చెట్లు నాటువారికంటె విపణిస్వేచ్ఛను ఆరాధించువారి బలమే హెచ్చు. ఈ రెండు తెగలకు పొత్తు కుదిర్చినది సామ్యవాదభీతి. ఆస్తిహక్కు, అల్పప్రభుత్వము, స్వల్పమైన పన్ను అను ఈ పక్షపు మంత్రములకు మూలఋషియైన హేయెక్ పండితుడు, తాను సంప్రదాయవాదిని కానని 1960లో వ్యాసమే వ్రాసి ప్రకటించెను. అయినను వారు ఆయనను విడువలేదు. 1964లో వీరి యభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్ ఆరు రాష్ట్రములలో మాత్రమే గెలిచి చిత్తుగా ఓడెను. ఆ యెన్నికకు వారము రోజుల ముందు అతని తరఫున టెలివిజనులో ప్రసంగించిన సినీనటుడు రొనాల్డ్ రీగన్, రెండేండ్లు గడచుసరికి కాలిఫోర్నియా గవర్నరుగా ఎన్నికై, 1981లో దేశాధ్యక్షుడాయెను. నటుడు రాజ్యమేలుటయా యని అమెరికా మేధావులు ముక్కున వేలిడికొనిరి. ఆ రెండేండ్లకే, పక్షము స్థాపించిన తొమ్మిది నెలలకు, 1983 జనవరిలో నందమూరి తారకరామారావుగారు హైదరాబాదున ప్రమాణస్వీకారము చేసినప్పుడు మన మేధావులును అదే వేలు అదే ముక్కున ఉంచుకొనిరి.

సినిమా ప్రసక్తి వచ్చినది గనుక కొంచెము ఆగెదను. అమెరికా సంప్రదాయవాదుల అంతరంగము వారి గ్రంథములలో కంటె వారి చలనచిత్రములలో చక్కగా కానవచ్చును. 1952లో హై నూన్ అను చిత్రము వచ్చెను. ప్రతీకారమునకై వచ్చుచున్న దుర్జనుల నెదుర్కొన తోడు రండని ఊరి రక్షకాధికారి ఇంటింటికి తిరిగి యడుగును. చర్చిలోని భక్తులు సైతము సాకులు చెప్పి తప్పుకొందురు. ఊరి తోడు లేకయే పోరాడి గెలిచినవాడు అధికారముద్రను మట్టిలో పడవైచి ఊరు విడిచిపోవును. అధికారి వేషము ధరించిన గారీ కూపర్ స్వయముగా సంప్రదాయపక్షమువాడే. కథనల్లిన కార్ల్ ఫోర్‌మన్ నాటి కమ్యూనిస్టు వేటలో చిక్కి దేశము విడిచినవాడు. ఈ చిత్రము అమెరికాకు అపచారమని జాన్ వేన్ మండిపడి, దర్శకుడు హవర్డ్ హాక్స్‌తో కలిసి 1959లో రియో బ్రావో యను చిత్రముతో ప్రత్యుత్తరమిచ్చెను. అందలి అధికారి ఊరివారిని పిలువడు. వచ్చెదమన్నను వలదని, ఒక త్రాగుబోతును, ఒక కుంటి ముసలివానిని, ఒక కుర్రవానిని వెంట నిలుపుకొని కర్తవ్యము ముగించును. రెండవ చిత్రమే వినోదకరము. ఇన్నేండ్ల పిమ్మటను నవ్వు తెప్పించును. కాని ఈ వాగ్వాదములో ఇరుపక్షములును ఒక విషయమున ఏకీభవించినవి: ఆపద వచ్చినపుడు ఊరు పనికిరాదు. ఒకరు దానికి దుఃఖించిరి, రెండవవారు దానిని లెక్కచేయలేదు. చెరువుకు గండిపడిన రాత్రి గుఱ్ఱమెక్కి వచ్చు ఏకాకి వీరుడేమి చేయగలడు? ఒక గంప మన్ను పోయగలడు. బర్క్ నుండి వచ్చితిమనువారి ఆరాధ్యమూర్తి ఊరు లేని గుఱ్ఱపురౌతగుట నాకు మొదటినుండియు విడ్డూరముగా తోచిన విషయము. ఆ గుఱ్ఱము మన యూళ్లకును రాకపోలేదు. 1971లో కృష్ణగారు నటించిన మోసగాళ్లకు మోసగాడు టోపీయు తుపాకియు ధరింపజేసి తెలుగు కౌబాయిని పుట్టించెను. పల్లెల కుర్రకారు దానిని ఎగబడి చూచిరి. కాని మన ప్రేక్షకులు దానిని జీవిత సిద్ధాంతముగ గ్రహింపలేదు, వినోదముగానే గ్రహించిరి. అది వారి వివేకము.

పూర్వాచారములను కాపాడుదమనువారి నడుగవలసిన ప్రశ్న యొకటి మిగిలియున్నది: ఏ యాచారమును, ఎవరి వ్యయముతో? నల్లవారికి వోటు దక్కనీయని దక్షిణ రాష్ట్రముల శ్వేతజాతీయులను బక్లీ పత్రిక 1957లో బాహాటముగా సమర్థించెను. గోల్డ్‌వాటర్ 1964 నాటి పౌరహక్కుల చట్టమునకు ప్రతికూలముగా వోటు వేసెను. జాతిద్వేషి కాకయే రాజ్యాంగపు సూక్ష్మమును పట్టుకొని వేసితినని చెప్పుకొనెను, కాని అతడు గెలిచిన ఆరింటిలో తన సొంత రాష్ట్రము పోగా తక్కిన అయిదును ఆ దక్షిణపు కొసనున్నవే. మనమును నీతులు చెప్పు అర్హత గలవారము గాము. నేను పొగడిన ఈ చెరువుల నీటిని ముట్టుటకు ఊరిలో అంటరానివారనబడినవారికి అధికారము లేకుండెను. మరమ్మతునకు మాత్రము మొదట వారి భుజములే. 1927 మార్చిలో మహద్ పట్టణమున అంబేద్కరు మహాశయుడు వేలమందితో నడచిపోయి చవదార్ చెరువు నీటిని దోసిలి పట్టి త్రాగవలసి వచ్చెను. పుట్టబోవువారికొరకు త్రవ్వితిమన్న రాజుల సంతానపట్టికలో ఆ ప్రజల పేరు చేర్చుటకు ఆ నాటివరకు ఎవ్వరికిని తోచలేదు. బర్క్ ప్రసంగములోను ఆ ప్రసక్తి లేదు. అతడు పటము చూచెను గాని పల్లె చూడలేదు.

తెలుగునాట ఈ తత్త్వమునకు దగ్గరగా వచ్చిన రాజకీయపక్షము స్వతంత్ర పార్టీ. 1959 జనవరిలో నాగపురమున కాంగ్రెసు మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయమును తీర్మానింపగా, తన పొలము తనది కాకుండ పోవునని రైతు భీతిల్లెను. ఆ భయమునకు గొంతునిచ్చినవారు నిడుబ్రోలు వాస్తవ్యులు ఆచార్య రంగాగారు. రాజాజీ, మినూ మసానీ ప్రభృతులతో కలిసి ఆ యేడే స్వతంత్ర పక్షమును నెలకొల్పి దాని యధ్యక్షులైరి. నెహ్రూగారు దానిని జమీందారుల కాలపు పక్షమని పరిహసించిరి. పరిహాసములో కొంత నిజము లేకపోలేదు. వేదిక మీద మాజీ సంస్థానాధీశులును, పెట్టుబడిదారులును కూర్చుండిరి. కాని అదే వేదిక మీద అధ్యక్షస్థానమున కూర్చుండినవారు, 1930ల యారంభమున మా ప్రక్కనున్న వేంకటగిరి జమీందారీ రైతులను కూడగట్టి, జమీందారీ విధానమును వేళ్లతో పెకలించుటకు ఊరూర తిరిగిన రంగాగారే యనుట మరువరాదు. శ్రీకాకుళమునుండి వచ్చి ఆ పక్షమున చేరిన గౌతు లచ్చన్నగారు కల్లుగీత కార్మికుల పక్షమున నిలిచిన పోరాటయోధులు. ఆ పక్షమును ధనికుల కూటమని యొక్కమాటలో కొట్టివేయుట చరిత్రకు అన్యాయము. సొంత పొలముపై మమకారమే మనిషిని పొలమునకు కాపలాదారుగా నిలుపునన్నది రంగాగారి నమ్మకము. బర్క్ విన్నచో తల యూపియుండును. 1967లో లోకసభలో నలువది నాలుగు స్థానములతో అది ప్రతిపక్షములన్నిటిలో పెద్దదియై, 1971లో ఎనిమిదికి కుంచించుకొనిపోయి, 1974లో మఱియొక పక్షములో కలిసిపోయెను. రంగాగారు కాంగ్రెసునకు తిరిగిపోయి, గుంటూరునుండి ఎన్నికగుచు 1991 వరకు లోకసభలో కూర్చుండిరి. ఆ పక్షము కోరిన లైసెన్సుల సడలింపు ఆ 1991లోనే కాంగ్రెసు ప్రభుత్వము చేతుల మీదుగా, తెలుగువాడైన ప్రధాని పి. వి. నరసింహారావుగారి కాలమున జరిగినది. అయితే స్వతంత్ర పక్షమువారు వాదించినది పన్నులను గూర్చి, లైసెన్సులను గూర్చి, ఆస్తిని గూర్చి. చెరువుల పూడికను గూర్చి వారు చేసిన మహోద్యమమేదియు నాకు కానరాలేదు. అమెరికా వారివలెనే వీరిలోను విపణి గొంతు కిర్క్ గొంతును మింగివైచినది.

తుదకు నేటి మాట. 2025 జనవరి 20న అమెరికా ఉపాధ్యక్షుడుగా ప్రమాణము చేసిన జె. డి. వాన్స్ భార్య ఉషా చిలుకూరి మన తెలుగు కుటుంబపు ఆడపడుచు. తల్లిదండ్రులు వలస పోయినవారు, తాను శాన్‌డియాగోలో పుట్టినది, పూర్వుల యూరు తణుకు దాపులనున్న వడ్లూరు. వాన్స్ 2016లో వ్రాసిన ఆత్మకథ కెంటకీ కొండలనుండి ఒహాయో కర్మాగారపు పట్టణమునకు వలసవచ్చి చెదరిపోయిన కుటుంబపు కథ. అందు ఊరు చెడిన దుఃఖము నిజమైనది, అమ్మమ్మ పాత్ర మరువరానిది. కుటుంబమును నిలుపవలెను, చదువవలెను, దైవమును నమ్మవలెను అని ఈ పక్షమువారు చెప్పునది విన్నచో మన తెలుగు తల్లిదండ్రులు తమ మాటయే వారు చెప్పుచున్నారనుకొందురు. అయినను అమెరికాలోని భారతీయ సంతతివారు అత్యధికముగ డెమొక్రాట్లకే వోటు వేయుచు వచ్చిరి. ఇంట సంప్రదాయము, పెట్టెలో ప్రత్యర్థికి వోటు. దీనిని కపటమనుకొనుట పొరపాటు. 1965 నాటి వలసచట్టము తెరచిన ద్వారము గుండ వారు వచ్చిరి. ఆ ద్వారమును మూయవలెనను కేకలు ఏ వైపునుండి వినవచ్చుచున్నవో వారికి చెవులు గలవు.

2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వము కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తునకు లక్ష డాలర్ల రుసుము విధించినప్పుడు, మా వైపు పల్లెలలో కంప్యూటరు చదువు ముగించిన బిడ్డలు గల యిండ్ల అరుగుల మీద కొన్నాళ్లు అదే చర్చ. అందొక పెద్దమనిషి నన్ను చూచి, వారు కుటుంబము కావలెనందురు, కష్టపడువాడు కావలెనందురు, మనవాడు రెండింటికిని సరిపోయెనే, ఇంకేమి తక్కువయ్యా యని యడిగెను. కిర్క్ గ్రంథమంతయు వెదకినను ఆయనకు చెప్పదగిన సమాధానము నాకు దొరకలేదు. ఆ పక్షము పెద్దలలోనే దానిని గూర్చి కలహము సాగుచున్నది. విపణిని నమ్మినవారు రానిండనుచున్నారు, ఊరును నమ్మినవారు వలదనుచున్నారు. చెరువులను లెక్కించిన బర్క్ ఈ ఇరువురిలో ఎవరి ప్రక్కన నిలుచునో వారును తేల్చుకొనలేదు.